దరఖాస్తుకు జతచేసే ఇంగ్లిష్ పత్రాల్లో పేర్లు, తేదీలు మార్చే విధానం

వీసా లాంటి సేవలకు దరఖాస్తుతో పాటు ఆహ్వాన పత్రం, వివరణ లేఖ కూడా ఇవ్వాల్సి వస్తుంది. ప్రయాణం నెల మారినా, పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్ట్‌తో కలవకపోయినా లేఖంతా దిద్దాలి. ఒక మాటను వెతికి దాని బదులు ఇంకోటి పెట్టే ఫైండ్ అండ్ రీప్లేస్‌తో అది నిమిషం పనే. అయితే అన్నిచోట్లా ఒకేసారి మార్చే "రీప్లేస్ ఆల్" నొక్కేముందు క్యాపిటల్, స్మాల్ అక్షరాల సంగతి తేల్చుకోండి.

ముందు ఫైల్‌కు ఒక కాపీ తీసి పెట్టుకోండి. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కి, "మోర్" మీద క్లిక్ చేస్తే "మ్యాచ్ కేస్" (క్యాపిటల్, స్మాల్ తేడా చూసి వెతకడం), "ఫైండ్ హోల్ వర్డ్స్ ఓన్లీ" (పూర్తి మాటనే వెతకడం) అనే రెండు గడులు కనిపిస్తాయి.

ప్రయాణం మే నుంచి జూన్‌కు మారిందనుకోండి. ఇంగ్లిష్‌లో నెల పేరూ, "కావచ్చు" అనే అర్థమిచ్చే మాటా ఒకే అక్షరాలు. టిక్ లేకుండా మార్చేస్తే "ఉండవచ్చు" అని రాసిన చోటల్లా జూన్ వచ్చి కూర్చుంటుంది. మ్యాచ్ కేస్‌కు టిక్ పెట్టి, మొదటి అక్షరం మాత్రమే క్యాపిటల్‌గా ఇస్తే స్మాల్ అక్షరాల మాటలు భద్రంగా ఉంటాయి. శీర్షికలో నెల మొత్తం క్యాపిటల్స్‌లో ఉంటే దానికి ఇంకోసారి విడిగా చేయాలి. వాక్యం మొదట్లో "కావచ్చు" అనే అర్థంలో ఆ మాట వచ్చి ఉంటే అదీ దొరుకుతుంది కాబట్టి, ఇలాంటి మాటలకు "రీప్లేస్ ఆల్" వద్దు, ఒక్కొక్కటీ చూసి మార్చండి. హోల్ వర్డ్స్ టిక్ కూడా అవసరమే. లేకపోతే "సన్" మార్చబోతే "పర్సన్" లోపలిదీ మారిపోతుంది.

మ్యాచ్ కేస్ తీసేయడమే మేలైన సందర్భాలూ ఉన్నాయి. కొత్త మాటను స్మాల్ అక్షరాల్లో టైప్ చేస్తే, వర్డ్ పాత మాట తీరునే దానికీ ఇస్తుంది: శీర్షికలో అన్నీ క్యాపిటల్స్, వాక్యం మొదట్లో మొదటి అక్షరం, మిగతా చోట్ల స్మాల్. టిక్ పెడితే మాత్రం మీరు టైప్ చేసినట్టే పడుతుంది.

ఇక ఇంటిపేరు, పేరు. పాస్‌పోర్ట్ అడుగున యంత్రం చదివే రెండు వరుసల్లో, వరుసకు 44 గుర్తుల చొప్పున, అక్షరాలన్నీ క్యాపిటల్సే. చాలా ఫారాలు కూడా పేరు క్యాపిటల్స్‌లోనే అడుగుతాయి. ఇక్కడ చాలామంది ఫాంట్ సెట్టింగ్‌లో "ఆల్ క్యాప్స్" పెట్టేసి ఊరుకుంటారు. దయచేసి అలా చేయకండి. అది పైకి కనిపించే రూపమే, లోపల స్మాల్ అక్షరాలు అలాగే ఉంటాయి. ఆన్‌లైన్ ఫారంలో పేస్ట్ చేసినప్పుడు అవి బయటపడవచ్చు. పేరును సెలెక్ట్ చేసి షిఫ్ట్, ఎఫ్3 నొక్కుతూ పోతే అక్షరాలే నిజంగా మారతాయి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా కలపాలి.

పీడీఎఫ్ తీసేముందు మ్యాచ్ కేస్ టిక్ తీసేసి, పాత స్పెల్లింగ్‌ను ఫైండ్‌లో పెట్టి వెతకండి. ఎక్కడా దొరకకపోతే అప్‌లోడ్ చేయవచ్చు.