చేప దవడ దారి చూపింది

శ్రీకాకుళంలో బొమ్మలు వేసుకునే నాకు వాటి గురించి రాయడమంటే టెన్షన్. పోయినేడాది ఒక ఎగ్జిబిషన్‌కి దరఖాస్తు పెడితే తిరిగొచ్చింది. బొమ్మ బాగానే ఉందట, రాసిందే అర్థం కాలేదట. "అంతర్ముఖ చైతన్యానికి వర్ణరూపం" అని రాశాను మరి! ఏ బొమ్మకైనా అతుకుతుందది.

ఓ రోజు మా పిన్ని అదే బొమ్మ, పత్తి దువ్వే ఆవిడ బొమ్మ, చూసి, "ఆవిడ చేతిలో ఏంటదిరా?" అంది. పొందూరు ఖద్దరుకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారని, ఆ సన్నటి పళ్లకి దూది పొగలా విచ్చుకుంటుందని, అందుకే తెల్లరంగుని ఆరిపోతున్న బ్రష్‌తో లాగానని చెప్పుకుపోయాను. చెబుతూ చెబుతూ ఫోన్‌లో రికార్డింగ్ నొక్కాను.

రాత్రి అది విని, ఉన్నదున్నట్టు రాసుకున్నాను. మొదట కంటికి కనిపించేది, తర్వాత అలా ఎందుకు వేశానన్నది. కొలతలు, ఏ రంగులు వాడానో చివర్లో. "చైతన్యం" కొట్టేశాను, కొంచెం బాధగానే. పిన్నికి చదివి వినిపించాను. ఆవిడ "ఆఁ?" అన్నచోటల్లా వాక్యం విరిచాను. ఆరు వాక్యాలకు మూడు సాయంత్రాలు పట్టింది.

ఈసారి ఎగ్జిబిషన్ వాళ్లే ఫోన్ చేశారు, ఆ చేప దవడ ఫొటో ఉందా అని.