మందుల షాపులో ‘లేదు’ అనే రోజు రాకముందే

కోవిడ్ మహమ్మారి కాలంలో మందులు కరవవడానికి రోగుల సంఖ్య ఒక్కటే కారణం కాదు. మన మాత్రల కోసం దిగుమతి చేసుకునే ముడిపదార్థాలలో అధిక భాగం చైనా నుంచి వస్తుంది కనుక, అక్కడి కర్మాగారాలు ఆగిన కొద్ది వారాలకే, 2020 మార్చి 3న, పారాసిటమాల్‌తో సహా పలు మందుల ఎగుమతిపై కేంద్రం ఆంక్షలు పెట్టింది. ఆ నెలాఖరున లాక్‌డౌన్ రావడంతో గోదాములో ఉన్న సరుకు కూడా ఊళ్ళకు చేరడం కష్టమైంది. రేవు దాటితే గాని మందుల షాపు లేని కోనసీమ లంకలకైతే అదే ఏడాది ఆగస్టులో వరద కూడా తోడైంది. బీపీ, షుగర్, మూర్ఛ వంటి వాటికి రోజూ మందులు వాడేవారున్న ఇల్లు అందుకే ముందుగా సిద్ధపడాలి.

మొదట మందు అసలు పేరు తెలుసుకోవాలి. ‘పొద్దున వేసుకునే తెల్ల బిళ్ళ’ అంటే షాపువారు ఏమీ చేయలేరు, కంపెనీ పేరు చెబితే అది లేదంటారు. షీటు వెనుక చిన్న అక్షరాలలో ఉండే ‘మెట్‌ఫార్మిన్ 500’ వంటి పేరును, పక్కన ‘ఎస్.ఆర్.’ (మందు నెమ్మదిగా విడుదలయ్యే రకం) అని ఉంటే దానితో సహా, రాసి ఉంచుకుంటే అదే మందును మరో కంపెనీదిగానో, జన ఔషధి కేంద్రంలోనో అడగవచ్చు. మూర్ఛ, థైరాయిడ్ మందులకు మాత్రం కంపెనీ మార్చేముందు వైద్యుణ్ణి సంప్రదించాలి. మూర్ఛ మందును, కొన్ని గుండె మందులను ఒక్కసారిగా మానడం ప్రమాదకరం.

ఇంట్లో నెల రోజుల మందు ఉంటే చాలు. ఆరు నెలలది కొంటే పక్కింటివారికి దొరకదు. విడి బిళ్ళలు కొన్నప్పుడు గడువు తేదీ, బ్యాచ్ నంబరు ఉన్న అంచు తరచు షాపులోనే మిగిలిపోతుంది కనుక, కత్తిరించకముందే ఫోనులో ఫోటో తీసుకోవాలి.

తెరవని ఇన్సులిన్‌ను ఫ్రీజరుకు దూరంగా, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడుతున్న సీసా, చాలా రకాలలో, 30 డిగ్రీల లోపు సుమారు 28 రోజులు నిలుస్తుంది. కరెంటు పోతే తడి ఇసుకలో నిలిపిన మట్టికుండ కొంత ఆదుకుంటుంది, కాని పొడిగాలి ప్రాంతాలలో చల్లబడినంతగా మన ఉక్కపోతలో కుండ చల్లబడదు. దాన్ని గాలాడే నీడలో పెట్టి, సీసాను మూత బిగించిన డబ్బాలో ఉంచి, పక్కనే గది ఉష్ణోగ్రత చూపే థర్మామీటరు పెట్టుకోవాలి. సీసాలో పలుకులు కనిపిస్తే వాడకూడదు.

అందరూ వెతుకుతున్న మందు కోసం పరుగెత్తే ముందు అది అవసరమా అని వైద్యుణ్ణి అడగాలి. 2021 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్‌కు వాడే రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ కోసం జనం అప్పులు చేశారు; ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులకు ఆ మందును వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులోనే సూచించింది (ఆ సూచనను 2022లో మార్చింది). ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులలో మరణాలను తగ్గిస్తుందని తేలిన డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు చాలా చవక, అయినా దాన్ని వైద్యుడు చెప్పకుండా ఇంట్లో మొదలుపెట్టకూడదు. బిల్లు ఇవ్వనంటూ రేవు దగ్గరో బస్టాండు దగ్గరో సీసా చేతిలో పెడతామనే వారి వద్ద ఏ మందూ కొనకూడదు. ఆ రోజుల్లో నకిలీ సీసాలు కూడా పట్టుబడ్డాయి.