డ్రైవర్లు మానేస్తున్నారా? ముందు మీ లెక్కల పుస్తకం తెరవండి

చిత్తూరులో ఏ లారీ ఆఫీసులో కూర్చున్నా పది నిమిషాల్లో వినిపించే మాట, డ్రైవర్లు దొరకడం లేదు, దొరికినా నిలవడం లేదు అని. నేనూ అదే పాట పాడేవాణ్ణి. నాకు నాలుగు బండ్లు, అన్నీ పది చక్రాలవే. ఒక దశలో రెండు బండ్లు డ్రైవర్ లేక షెడ్డు ముందు నిలబడిపోతే ఫైనాన్స్ కంతు మాత్రం ఏ నెలా ఆగలేదు. జీతం పెంచి చూశాను. పెంచిన జీతం తీసుకుని కూడా వెళ్లిపోయారు. కారణం తెలియడానికి నాకు ఒక మంచి డ్రైవర్‌ను పోగొట్టుకోవాల్సి వచ్చింది, ముందు అది చెప్పి తర్వాత అసలు పనిలోకి వస్తాను.

ఆయన నా దగ్గర మూడేళ్లు చేశాడు. ఒక నెల చెన్నై ట్రిప్పుల్లో 38 లీటర్ల డీజిల్ తేడా వచ్చింది. దొంగ అని నోటితో అనలేదు గానీ అంతకన్నా పెద్ద తప్పు చేశాను, కాణిపాకం వినాయకుడి గుడికి వచ్చి ప్రమాణం చేస్తావా అన్నాను. అలా అడగడమంటే నిన్ను దొంగగా అనుమానిస్తున్నానని చెప్పడమే, మన జిల్లా వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఆయన కిక్కురుమనలేదు, తాళాలు టేబుల్ మీద పెట్టి, క్యాబిన్‌లోంచి తన దుప్పటి, స్టవ్ తీసుకుని వెళ్లిపోయాడు. రెండు వారాల తర్వాత కొత్త డ్రైవర్‌కూ అదే తేడా. మెకానిక్ చూస్తే వెనక చక్రానికి బ్రేకు పట్టేసి ఉంది, డ్రమ్ము మీద చెయ్యి పెట్టలేనంత వేడి. "బండి ఈడుస్తా ఉందన్నా, ఒకసారి చూపించు" అని పాతాయన ఫోన్‌లో రెండుసార్లు చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

సరే, ఇక చెయ్యాల్సినవి. ట్రిప్పు లెక్క బండి వచ్చిన రోజే తేల్చండి, మరీ అర్ధరాత్రి వస్తే మర్నాడు ఆయన నిద్ర లేచి స్నానం చేసి వచ్చాక, ఎదురుగా కూర్చోబెట్టుకుని తేల్చండి. ఇచ్చిన అడ్వాన్స్, డీజిల్, హమాలీ, కాటా, పంక్చర్, టార్పాలిన్ కట్టించిన కూలి, అన్నీ ఒక కాగితం మీద రాసి, ఇంత మిగిలింది అని అక్కడే చేతిలో పెట్టండి లేదా ఫోన్‌పే చెయ్యండి. "నెలాఖరుకు చూద్దాంలే" అన్నామంటే నాలుగు ట్రిప్పుల ఖర్చులు కలిసిపోతాయి, ఆయనకు గుర్తున్నది ఒకటి, మన పుస్తకంలో ఉన్నది ఒకటి, ఆ తేడా రెండు వందలే అయినా మనిషి మనసులో అది రెండు వేలై కూర్చుంటుంది. బిల్లు రాని ఖర్చులు దారిలో ఉంటాయని మనకూ తెలుసు, ఆయనకూ తెలుసు. వాటికి బిల్లు అడిగితే ఎవరిస్తారు? రూటుకు ఇంత అని ముందే మాట్లాడుకుని, ఇక ఆ డబ్బు గురించి అడగకండి.

డీజిల్ దగ్గరే సగం గొడవలు పుడతాయి కాబట్టి దీనికి కొంచెం ఓపిక పట్టాలి. ట్యాంకు ఫుల్ చేసి పంపండి, వచ్చాక మళ్లీ ఫుల్ చేసి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. ఇంతవరకు అందరూ చేస్తారు. చెయ్యనిది ఏమిటంటే ఏ రూటుకు ఎంత రావాలో ముందు మనం తెలుసుకోవడం. మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు మీదుగా బెంగళూరు పోయే బండినీ, దిగువకు చెన్నై పోయే బండినీ ఒకే మైలేజీ అడిగితే ఎలా? గ్రానైట్ దిమ్మె వేసుకుని పోవడం, ఖాళీ ట్రేలతో తిరిగి రావడం ఒకటి కాదు కదా. ఒక్కో రూటుకు ఒకసారైనా మీరే పక్క సీట్లో కూర్చుని వెళ్లి చూడండి. ఒక ట్రిప్పులో తగ్గితే నోరెత్తకండి, వరసగా మూడు ట్రిప్పుల్లో తగ్గితే ముందు బండిని మెకానిక్ దగ్గరికి పంపండి, బ్రేకులు, టైర్ల గాలి, ఫిల్టర్లు, డీజిల్ పైపులు చూపించండి. బండి బాగుందని తేలాక డ్రైవర్‌ను అడగండి, అదీ ఆఫీసులో నలుగురి ముందు వద్దు. నిజంగా డీజిల్ అమ్ముకునే వాళ్లు లేరని నేననను. వాళ్లను పట్టుకోవడానికీ ఈ పద్ధతే పనికొస్తుంది.

బత్తా, అంటే దారి ఖర్చులకు డ్రైవర్‌కు ఇచ్చే డబ్బు, ట్రిప్పుకింత అని కాకుండా రోజుకింత అని పెట్టుకోండి. జూన్, జూలైలో తోతాపురి మామిడి కాయ వచ్చినప్పుడు గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు వరస చూశారు కదా, అక్కడ రెండు రాత్రులు పడి ఉంటే భోజనం, టీ, స్నానం అన్నీ డ్రైవర్ జేబులోంచే పోతాయి. చెన్నై, బెంగళూరు లాంటి చోట్ల పగటిపూట పెద్ద బండ్లను ఊళ్లోకి రానివ్వని వేళలు ఉంటాయి, పోర్టు దగ్గర వెయిటింగ్ సరేసరి. ఇందులో డ్రైవర్ తప్పేముంది? బండి నిలబెట్టినందుకు రావాల్సిన హాల్టింగ్ డబ్బును లోడు ఇచ్చిన పార్టీ దగ్గర మీరు వసూలు చేసుకుంటారో లేదో అది మీ బ్రోకర్‌కూ మీకూ మధ్య సంగతి, డ్రైవర్‌కు మాత్రం ఆ రోజు బత్తా ఆ రోజుది.

జీపీఎస్ పెట్టించాం కదా అని గంటకోసారి "ఎక్కడున్నావ్, ఎందుకు ఆపావ్" అని ఫోన్ చేసేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది, మరి ఆ డబ్బా పెట్టించింది దేనికి? తెర మీద చూసుకోండి, పార్టీ అడిగితే చూసి మీరే చెప్పండి. నా దగ్గర పద్ధతి ఏంటంటే, బండి నడుస్తున్నప్పుడు నేను చెయ్యను, టీకి ఆగినప్పుడు ఆయనే చేస్తాడు. రాత్రి రెండుకు నిద్రొస్తోందని పక్కకు ఆపితే లోడు గంట ఆలస్యమైతే అయింది. మోటారు రవాణా కార్మికుల చట్టంలో రోజుకు 8 గంటల పని, 5 గంటలు దాటకుండా కనీసం అరగంట విశ్రాంతి అని 1961లోనే రాశారు. మన లైన్లో దాన్ని ఎంతమంది పాటించారో అందరికీ తెలిసిందే.

ఖాళీగా తిరిగి వస్తే మొహం మాడ్చుకునే ఓనర్లు కొందరున్నారు. ఆ భయంతోనే డ్రైవర్ దారిలో ముక్కూ మొహం తెలియనివాడు ఇచ్చిన మూటలు ఎక్కించుకుంటాడు. శేషాచలం చుట్టుపక్కల తిరిగే బండ్లకు ఇది ఎంత ప్రమాదమో చెప్పాలా? ఎర్రచందనం దొరికితే బండి పోతుంది, డ్రైవర్ జైలుకు పోతాడు. "ఖాళీగా వచ్చినా ఫర్వాలేదు, నాకు చెప్పకుండా మూట కూడా ఎక్కించొద్దు" అని ముందే గట్టిగా చెప్పి, నిజంగా ఖాళీగా వచ్చిన రోజు ఆ మాట మీద నిలబడండి.

అడ్వాన్స్ ఇవ్వండి, పిల్లల ఫీజులకో ఆసుపత్రికో ఎవరికైనా అవసరం పడుతుంది, నెలకింత అని రాసుకుని కోసుకోండి. దాన్ని మాత్రం గొలుసు చెయ్యకండి. అప్పు తీరేదాకా వేరే చోటికి పోకూడదని మనిషిని కట్టేస్తే అది వెట్టిచాకిరీ కిందకు వస్తుంది, 1976లోనే దాన్ని రద్దు చేస్తూ చట్టం వచ్చింది. ఒరిజినల్ లైసెన్స్ తీసుకుని బీరువాలో పెట్టుకునే అలవాటు కూడా అలాంటిదే.

ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి తీసి చదవండి. అందులో కనిపించే 15 లక్షల ప్రమాద బీమా సొంతంగా నడిపే ఓనర్‌కు, జీతం డ్రైవర్‌కు కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. జీతం డ్రైవర్‌కు, క్లీనర్‌కు ఏ కవర్ ఉందో ఏజెంట్‌ను అడిగి, లేకపోతే కట్టించండి. దాంతో పాటు వాళ్ల బ్యాంకు ఖాతాలో ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, 50 ఏళ్ల లోపు వాళ్లకు జీవన్ జ్యోతికి 436 రూపాయలు కట్టించండి, ఒక్కొక్కదాని కింద 2 లక్షల బీమా. నలుగురు డ్రైవర్లకు ఈ రెండూ కట్టినా ఏడాదికి రెండు వేలు దాటదు.

యాక్సిడెంట్ అయితే ఏం చెయ్యాలో బండి తోలేముందే మాట్లాడుకోండి. 2024 జనవరిలో హిట్ అండ్ రన్‌కు పదేళ్ల దాకా జైలు అన్న కొత్త సెక్షన్ మీద డ్రైవర్లు దేశమంతా బండ్లు ఆపారు, ఆ జూలై 1న ఆ సెక్షన్ ఉన్న కొత్త నేర చట్టం (భారతీయ న్యాయ సంహిత) వచ్చినప్పుడు ఆ ఒక్క ముక్కను పక్కన పెట్టారు. డ్రైవర్ పారిపోయేది జనం కొడతారనే భయంతో, ఓనర్ పట్టించుకోడనే భయంతో. మొదటిది మన చేతిలో లేదు. 108కి ఫోన్ చెయ్, దగ్గరి పోలీస్ స్టేషన్‌కు పో, తర్వాత నాకు చెయ్, లాయర్‌నూ జామీనునూ నేను చూసుకుంటాను అని చెప్పండి, లాయర్ నంబర్ క్యాబిన్‌లో అంటించండి.

సెలవుల విషయం చిన్నదే. మేలో గంగమ్మ జాతర వస్తుంది, సరిగ్గా మామిడి మొదలయ్యే వేళకు. ఎవరు ఎప్పుడు పోవాలో ఏప్రిల్‌లోనే రాసుకోండి, లేకపోతే అందరూ ఒకే రోజు చెప్పకుండా పోతారు.

క్యాబిన్ సంగతి: కొత్తగా తయారయ్యే లారీలకు 2025లో ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మనవి పాత బండ్లు, ఏసీ రాదు. ఒక మంచి ఫ్యాను, పడుకోవడానికి పరుపు, కిటికీకి దోమతెర, ఇవైనా పెట్టించండి.

ఇక కొత్త డ్రైవర్ మొదటి ట్రిప్పు చేసి వచ్చాడనుకోండి. లెక్క అయ్యాక "బండిలో ఏమేం బాగాలేదన్నా?" అని అడగండి. ఐదారు చెప్తాడు, హెడ్‌లైట్ పైకి కొడుతోందనో, వైపర్ తుడవడం లేదనో, సీటు ఊగుతోందనో. అవన్నీ క్యాబిన్‌లో ఒక నోటుబుక్కులో ఆయన చేతే రాయించండి, రెండో ట్రిప్పుకు తాళాలు ఇచ్చేలోపు అందులో కనీసం రెండైనా చేయించి, చేసినవాటి పక్కన టిక్కు పెట్టి ఆ పుస్తకం ఆయనకే ఇవ్వండి. నా నాలుగు బండ్లలోనూ ఆ నోటుబుక్కులు ఉన్నాయి. ఒకదాంట్లో మొదటి పేజీలో నేనే రాసుకున్నాను, వెనక బ్రేకు అని.