వేరే ఊరి లాడ్జికి వెళ్లాలంటే మన సభ్యత్వం ఎలా రుజువు చేసుకోవాలి?

తిరుపతిలో లాడ్జి అనగానే బస్టాండు దగ్గర రూములిచ్చేవే గుర్తొస్తాయి కాబట్టి ముందే చెబుతున్నా, ఇది ఫ్రీమేసన్లు అనే సోదర సంఘం వాళ్ల లాడ్జి, అంటే వాళ్ల స్థానిక శాఖ సంగతి. పని మీద చెన్నైకో బెంగళూరుకో వెళ్లి, అక్కడి మీటింగులో కూర్చోవాలనుకునే కొత్త సభ్యుల కోసం రాస్తున్నా.

ముందు మీ లాడ్జి సెక్రటరీకి చెప్పండి. ఏ ఊరు, ఏ లాడ్జి, ఏ తేదీ అనేది రాసిచ్చి, మీరు వస్తున్నట్టు అక్కడి సెక్రటరీకి కబురు పంపమనండి. విదేశానికైతే ఇంకా ముందుగా అడగాలి, ఎందుకంటే ఆ ఉత్తరాలు పైనుంచి, అంటే మీ లాడ్జి ఏ గ్రాండ్ లాడ్జి (లాడ్జిల పైనుండే సంస్థ) కింద ఉందో దాని ద్వారా నడుస్తాయి. 1961 నవంబరు 24న గ్రాండ్ లాడ్జి ఆఫ్ ఇండియా ఏర్పడినా, మన దేశంలో కొన్ని లాడ్జిలు ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లాండ్ గ్రాండ్ లాడ్జిల కిందే ఉండిపోయాయి. మీరు వెళ్లబోయే లాడ్జికి మీ గ్రాండ్ లాడ్జి గుర్తింపు ఉందో లేదో కూడా సెక్రటరీనే అడగండి. లేకపోతే వెళ్లకూడదు, అంతే.

వెంట పెట్టుకోవాల్సినవి గ్రాండ్ లాడ్జి సర్టిఫికెట్, ఈ ఏడాది చందా కట్టిన రసీదు, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు. సర్టిఫికెట్ ఉన్నా చందా బకాయి ఉంటే గుడ్ స్టాండింగ్, అంటే బాకీలేవీ లేని సభ్యుడన్న హోదా, లేనట్టే. సర్టిఫికెట్ మీద మీ సంతకం ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి, అక్కడి పుస్తకంలో మీరు పెట్టే సంతకంతో పోల్చి చూడొచ్చు. తలుపు దగ్గర టైలర్ (Tyler, లాడ్జి తలుపుకు కాపలా ఉండే సభ్యుడు, దర్జీ కాదు) ఉంటారు, ఆయన ఆపితే నొచ్చుకోకండి, అది ఆయన బాధ్యత. ఎవరైనా మీ తరఫున హామీ ఇవ్వాలంటే మీతో లాడ్జిలో కలిసి కూర్చున్నవాళ్లే ఇవ్వాలి, "మా ఫ్రెండు చెప్పాడు" అంటే కుదరదు. లోపల ఇంకేం అడుగుతారన్నది ఇక్కడ రాసేది కాదు.

ఇక మీటింగు బయట సంగతి. మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. ఒకసారి రాత్రి తొమ్మిదింటప్పుడు నాకో ఫోన్ వచ్చింది, "బ్రదర్, దర్శనం క్యూలో పర్సు పోయింది, ఐదు వేలు పంపండి" అని. గొంతులో ఏడుపు ఉంది, నాకూ మనసు కరిగింది. మీ లాడ్జి పేరు, నంబరు చెప్పండి, మీ సెక్రటరీతో మాట్లాడి వెంటనే పంపుతా అన్నాను. రెండు క్షణాలు మాట లేదు, తర్వాత ఫోన్ పెట్టేశాడు.

స్క్వేర్, కంపాస్ అనే ఫ్రీమేసన్ల గుర్తున్న ఉంగరం ఆన్‌లైన్‌లో ఎవరికైనా దొరుకుతుంది, వాట్సాప్ డీపీ అయితే మరీ సులువు. వాటిని చూసి నమ్మొద్దు. లాడ్జి పేరు, నంబరు అడిగి, సెక్రటరీ ఫోన్ నంబరు మాత్రం అతను ఇచ్చింది కాకుండా మీ సెక్రటరీ ద్వారా తీసుకుని కనుక్కోండి. మనిషి నిజంగానే ఎదురుగా ఉంటే ఆ లోపు కూర్చోబెట్టి భోజనం పెట్టించండి, అందుకు ఏ కాగితమూ అక్కర్లేదు. డబ్బు సంగతి మాత్రం సెక్రటరీ ఔనన్నాకే.