రన్నింగ్ షూస్ ఎలా ఎంచుకోవాలి? ఎప్పుడు మార్చాలి?

రన్నింగ్ షూ ఆయుష్షు అడుగునున్న రబ్బరులో ఉండదు. రబ్బరుకూ పాదానికీ మధ్య మందంగా కనిపించే ఫోమ్‌లో ఉంటుంది. దాన్నే మిడ్‌సోల్ అంటారు. అడుగు అరగలేదు కదా అని రెండేళ్లు అదే జత వేసుకుని, మోకాలి నొప్పికి ఆయింట్‌మెంట్లు రాసుకునేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. కొనేటప్పుడు కొలత చూడాలి, వాడేటప్పుడు ఫోమ్‌ని కాపాడుకోవాలి, ఫోమ్ చచ్చిపోగానే జత మార్చాలి. రంగు, బ్రాండు, డిస్కౌంటు వీటి తర్వాతే.

ముందు పాదం కొలవండి

సాయంత్రం పూట కొలవండి. రోజంతా నిలబడి, తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది. లాంగ్ రన్‌లోనూ అలాగే ఉబ్బుతుంది. గోడకు ఆనించి నేల మీద తెల్లకాగితం పెట్టి, మడమ గోడకు తగిలేలా బరువంతా మోపి నిలబడండి. అన్నిటికన్నా పొడవైన వేలి దగ్గర గీత పెట్టండి. కొందరికి బొటనవేలికన్నా పక్కవేలే పొడవుగా ఉంటుంది. రెండు పాదాలూ కొలిచి పెద్దదాని లెక్క తీసుకోండి.

మన దగ్గర షాపులో అడిగేది యూకే సైజే అయినా, నమ్మాల్సింది షూ నాలుక (లేసుల కిందుండే పట్టీ) లోపలి లేబుల్ మీదుండే సెంటీమీటర్ల అంకెని. నైకీలో యూకే 8 అంటే 27 సెం.మీ., అడిడాస్‌లో అదే యూకే 8 అంటే 26.5 సెం.మీ. "నాది 8" అని చెప్పేసి ఆన్‌లైన్‌లో బుక్ చేసినవాళ్లు తేడా తెలుసుకునేది ఇక్కడే. పాదం 26 సెం.మీ. ఉంటే 26.5, 27 అని రాసి ఉన్నవాటితో మొదలుపెట్టండి. చివరి మాట మాత్రం తొడిగి చూశాకే.

పొడవు ఎంత ముఖ్యమో వెడల్పూ అంతే. వేళ్ల మొదళ్ల దగ్గర వెడల్పుగా ఉండే పాదాలు మనలో చాలామందికి ఉంటాయి. అలాంటివాళ్లు ఒక సైజు పెద్దది కొనేస్తుంటారు. దాంతో ముందు సరిపోతుంది, వెనక మడమ లేచిపోతుంది. దానికి బదులు వైడ్ రకం అడగండి. మగవాళ్ల షూల్లో దాన్ని 2ఈ అంటారు. మామూలు వెడల్పు డి. ఆడవాళ్ల షూల్లో మామూలు వెడల్పు బి, వైడ్ అంటే డి. వైడ్ దొరక్కపోతే ఆడవాళ్లు అదే సెంటీమీటర్ల కొలతలో మగవాళ్ల మోడల్ తొడిగి చూడొచ్చు.

ఎక్కడ పరిగెడతారు, ఎంత దూరం?

తారు రోడ్డు, సిమెంటు రోడ్డు మీద వారానికి మూడు నాలుగు సార్లు పరిగెత్తేవారికి డైలీ ట్రైనర్ అనే మామూలు రోడ్ షూ ఒకటి చాలు. హైదరాబాద్ కేబీఆర్ పార్కు లోపలి బాటలాంటి మట్టి, గులకరాళ్ల దారికి కూడా అదే నడుస్తుంది. కొండలు, బురద ఉన్నచోటికే ట్రైల్ షూ కావాలి. దాని అడుగున ముళ్లలా లేచి ఉండే రబ్బరు తారు రోడ్డు మీద తొందరగా అరిగిపోతుంది.

పోలీసు కానిస్టేబుల్, ఆర్మీ సెలక్షన్ల కోసం 1600 మీటర్లు ప్రాక్టీస్ చేసేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు ఎత్తైన మెత్తటి షూ దండగ. గ్రౌండులో మలుపు తిరిగేటప్పుడు కాలు ఊగుతుంది, బరువూ ఎక్కువ. ఒక్కో షూ 200-250 గ్రాములు ఉండి, కాస్త గట్టిగా, మట్టి మీద పట్టు ఇచ్చేది చూసుకోవాలి. అడుగున మేకులుండే స్పైక్స్ కొనేముందు వాటికి అనుమతి ఉందో లేదో నోటిఫికేషన్‌లో చూడండి. ఏ షూతో పరీక్షకు వెళ్తారో కనీసం నెల ముందు నుంచి దానితోనే టైమ్ పెట్టుకుని పరిగెత్తండి.

జిమ్ షూ, క్రికెట్ షూ, కాలేజీకి వేసుకునే స్నీకర్ పరుగుకు పనికిరావు. జిమ్ షూ అడుగు బల్లపరుపుగా, గట్టిగా ఉంటుంది. బరువులెత్తడానికి అదే మేలు, పది కిలోమీటర్లకు మాత్రం పిక్కలు పట్టేస్తాయి.

షాపులో చేయాల్సింది

పరుగుకు వాడే సాక్సులు, పాత షూస్ వెంట తీసుకెళ్లండి. ముందుగా కొత్త షూ లోంచి ఇన్‌సోల్ బయటకు లాగి నేల మీద పెట్టి దానిపై నిలబడండి. వేళ్లుగానీ పాదం అంచులుగానీ దాన్ని దాటి బయటకు వస్తుంటే ఆ షూ మీకు ఇరుకు. ఈ ఒక్క పని చేస్తే సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి.

తర్వాత రెండు కాళ్లకూ తొడిగి, లేసులు కట్టి నిలబడండి. పొడవైన వేలికీ షూ కొసకీ మధ్య బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి. అంటే దాదాపు 1 నుంచి 1.5 సెం.మీ. లోపల వేళ్లన్నీ ఆడించగలగాలి. చిటికెనవేలు పక్క గుడ్డ ఉబ్బి కనిపించకూడదు. మడమను లేపి దించండి, షాపులో మెట్లుంటే ఎక్కి దిగండి. మడమ కొద్దిగా కదిలితే లేసులతో సరిచేయొచ్చు, చెప్పులా లేచొస్తే వద్దు. చివరగా షాపు ముందు ఓ యాభై మీటర్లు పరిగెత్తండి. ఒప్పుకోని షాపులో కొనాల్సిన అవసరం లేదు.

"వాడితే సాగుతుంది సార్" అన్న మాట నమ్మకండి. తోలు సాగుతుంది. రన్నింగ్ షూ పైభాగం అల్లిన మెష్, అది పెద్దగా సాగదు. షాపులో కరిచే షూ రోడ్డు మీద ఇంకా గట్టిగా కరుస్తుంది.

కొన్నిచోట్ల తడి పాదం అచ్చు చూసో, ట్రెడ్‌మిల్ మీద వీడియో తీసో "మీకు పాదం లోపలికి ఒరుగుతోంది, స్టెబిలిటీ షూ కావాలి" అంటారు. అమెరికా సైన్యంలో శిక్షణలో ఉన్నవారికి పాదం వంపును బట్టి షూస్ ఇచ్చి చూస్తే, అందరికీ ఒకే రకం ఇచ్చినదానికన్నా గాయాలేమీ తగ్గలేదు. ఇప్పటికే స్టెబిలిటీ షూతో హాయిగా పరిగెడుతున్నవారు అదే కొనసాగించవచ్చు. కొత్తవాళ్లు మూడు నాలుగు మోడళ్లు తొడిగి, పరుగులో దేని గురించి ఆలోచనే రాదో దాన్ని తీసుకోవాలి.

డ్రాప్ ఎంతో తప్పక అడగండి. మడమ కింద ఫోమ్ ఎత్తుకూ వేళ్ల కింద ఎత్తుకూ ఉన్న తేడాయే డ్రాప్. 8 నుంచి 10 మి.మీ. మామూలు. ఇన్నాళ్లూ 10 మి.మీ. వాడి ఒక్కసారిగా 4కి దిగితే భారం పిక్కలకూ మడమ వెనకాల స్నాయువుకూ మారుతుంది. పిక్క నొప్పి వచ్చాక షూని తిట్టుకుంటారు. తప్పు మార్పు వేగానిది.

పెట్టె మీద ఎమ్మార్పీ పక్కనే తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. మూడేళ్లు గోడౌన్‌లో మగ్గిన జత వాడకుండానే గట్టిపడి ఉండొచ్చు, జిగురూ వదలొచ్చు. నిరుటి మోడల్ మాత్రం నిస్సందేహంగా కొనండి. చాలాసార్లు కొత్తదానికీ పాతదానికీ తేడా పైగుడ్డలోనే ఉంటుంది, ధరలో మాత్రం వేలల్లో ఉంటుంది. "ఫస్ట్ కాపీ" జోలికి వెళ్లొద్దు. పైన బొమ్మ ఒకటే, లోపల ఫోమ్ వేరు. నాలుక లేబుల్ మీది మోడల్ కోడూ పెట్టె మీది కోడూ కలవకపోతే అక్కడే తిరిగిచ్చేయండి.

లేసులు, మొదటి రెండు వారాలు

షూ పైన చివర్లో, మిగతా వరుసకు కొంచెం వెనగ్గా ఒక అదనపు రంధ్రం ఉంటుంది. చాలామంది దాన్ని వదిలేస్తారు. అది మడమ లేవకుండా కట్టడానికి. లేసును చివరి మామూలు రంధ్రం దాకా ఎప్పటిలా కట్టి, కొసను అటుపక్కకు దాటించకుండా అదే పక్కనున్న అదనపు రంధ్రంలోకి పైనుంచి లోపలికి దూర్చండి. రెండు పక్కలా చిన్న ఉచ్చు ఏర్పడుతుంది. కుడి కొసను ఎడమ ఉచ్చులోంచి, ఎడమ కొసను కుడి ఉచ్చులోంచి తీసి, కిందికీ వెనక్కీ లాగి ముడి వేయండి. మడమ అతుక్కుపోతుంది. ఫ్లైఓవర్ దిగేటప్పుడు పాదం ముందుకు జారి గోళ్లు నల్లబడేవారికి సగం మందు ఈ ముడే. రెండో సగం, గోళ్లు కత్తిరించుకోవడం.

పాదం పైన తిమ్మిరెక్కుతుంటే, నొక్కుకునే చోట లేసును అడ్డంగా వేయకుండా ఒక వరుస నిలువుగా పైకి పోనివ్వండి.

కొత్త జతతో మొదటి పరుగు 3-5 కిలోమీటర్లు చాలు. రెండు వారాలు పాతదాన్నీ కొత్తదాన్నీ మార్చి మార్చి వాడండి. అందుకే పాతది పూర్తిగా చచ్చేదాకా ఆగకుండా ముందే కొనాలి.

ఎండ, చెమట, వాన

మన వాతావరణంలో షూని చంపేది పరుగుకన్నా వేడి. మే నెలలో కారు డిక్కీలో వదిలేసిన షూలో జిగురు మెత్తబడి అడుగు ఊడుతుంది, ఫోమ్ ముడుచుకుపోతుంది. తడిసిన జతను మేడ మీద ఎండలో ఆరేసినా అంతే. లేసులు వదులు చేసి, ఇన్‌సోల్ తీసి, లోపల వార్తాపత్రిక కుక్కి ఫ్యాను కింద పెట్టండి. గంటా రెండు గంటలకు కాగితం మార్చండి. వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు. చల్లటి నీళ్లు, కాస్త సబ్బు, పాత టూత్‌బ్రష్ చాలు.

విశాఖ బీచ్ రోడ్డులాంటి ఉక్కపోత ఉన్నచోట ఒక్క రాత్రిలో షూ ఆరదు. వారానికి నాలుగు రోజులు మించి పరిగెత్తేవారికి రెండు జతలు విలాసం కాదు. పత్తి సాక్సులు చెమట పీల్చి పొక్కులు లేపుతాయి. పాలిస్టర్ లేదా నైలాన్ కలిసినవి వాడండి. పరుగు షూతో బజారుకూ ఆఫీసుకూ వెళ్లకండి. ఆ అడుగులూ దాని ఖాతాలోనే పడతాయి.

ఎప్పుడు మార్చాలి?

డైలీ ట్రైనర్‌కు 500 నుంచి 800 కిలోమీటర్లు అన్నది వాడుకలో ఉన్న లెక్క. బరువైనవారు, సిమెంటు రోడ్డు మీదే పరిగెత్తేవారు 500 దగ్గరే అనుమానించడం మొదలుపెట్టాలి. వారానికి 20 కిలోమీటర్లు పరిగెడితే ఏడాదికి వెయ్యి దాటుతుంది. అంటే ఏడాదికి ఒక జత చాలదు. స్ట్రావా యాప్‌లో షూ పేరు చేర్చుకుంటే కిలోమీటర్లు అదే లెక్కేస్తుంది. యాప్ వాడనివారు నాలుక లోపల మొదలుపెట్టిన తేదీ పెన్నుతో రాసుకోవాలి.

అంకె ఒక్కటే చూడకండి. షూని బల్ల మీద పెట్టి వెనక నుంచి కంటికి సమానంగా చూడండి. ఒకవైపు ఒరిగి ఉంటే ఫోమ్ ఆ పక్క అణిగిపోయింది. పక్కనుంచి చూస్తే ఫోమ్ మీద అడ్డంగా లోతైన ముడతలు కనిపిస్తాయి. పరుగు లేనప్పుడు కూడా అవి విచ్చుకోకపోతే లోపలి గాలిగదులు కూలిపోయినట్టే. రబ్బరు అరిగి తెల్లటి ఫోమ్ బయటపడితే ఇక చెప్పేదేం లేదు.

అన్నిటికన్నా ముందు చెప్పేది కాళ్లే. దూరం పెంచలేదు, వేగం పెంచలేదు, అయినా మర్నాడు మోకాలి కింద కాలి ముందు ఎముక వెంటో మోకాలి చుట్టూనో కొత్తగా నొప్పి మొదలైతే, ముందు షూ కిలోమీటర్లు చూడండి. కొత్త జతతో వారం పరిగెత్తాక కూడా తగ్గకపోతే తప్పు షూది కాదు, డాక్టర్‌ని కలవండి.

రేసు కోసం వేరే జత కావాలా?

మొదటి 10కె (పది కిలోమీటర్ల రేసు), మొదటి హాఫ్ మారథాన్ అయితే అక్కర్లేదు. 100-200 కిలోమీటర్లు తిరిగిన డైలీ ట్రైనరే మంచి రేసు షూ.

కార్బన్ ప్లేట్ షూల్లో తేలికగా ఉండి, అణిగి వెంటనే పైకి తన్నే పీబా అనే రకం ఫోమ్, దాని నడుమ గట్టి ప్లేటు ఉంటాయి. షూ బరువు 100 గ్రాములు పెరిగితే పరుగుకు పట్టే శక్తి సుమారు 1 శాతం పెరుగుతుంది కాబట్టి తేలికకు విలువ ఉంది. కానీ ఆయుష్షు తక్కువ, చాలావాటికి 250-400 కిలోమీటర్లే. 2023 బెర్లిన్ మారథాన్‌లో ఇథియోపియా రన్నర్ టిగిస్ట్ అసెఫా 2 గంటల 11 నిమిషాల 53 సెకన్లలో పరిగెత్తిన అడిడాస్ షూ 138 గ్రాములే. దాన్ని ఒక్క మారథాన్ కోసం చేశామని కంపెనీయే చెప్పింది. పైగా పిక్కలు, మడమ స్నాయువు మీద పడే భారం మారుతుంది. అక్కడ ఇప్పటికే నొప్పి ఉన్నవారు దూరంగా ఉండటం మంచిది. కిలోమీటరుకు ఏడు నిమిషాలు పట్టేవారు ఆ డబ్బుతో రెండు మంచి ట్రైనర్లు కొనుక్కుంటే లాభం.

కొనేవారు లెక్క వెనక్కి వేసుకోవాలి. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో. రేసు షూ జూన్ చివరికల్లా చేతిలో ఉండాలి. మొత్తం 40-60 కిలోమీటర్లు, అందులో ఒక లాంగ్ రన్‌లో కనీసం 10 కిలోమీటర్లు రేసు వేగంతో అయ్యాక పక్కన పెట్టేయండి. వానాకాలం కాబట్టి ఒక్కసారైనా తడి రోడ్డు మీద పరీక్షించండి. ఈ షూల అడుగు రబ్బరు పలచన. ఫ్లైఓవర్ అతుకుల దగ్గరి ఇనుప పట్టీలు, జీబ్రా గీతల రంగు వానలో జారతాయి. రోజువారీ ట్రైనర్‌నూ రేసుకు ముందు నెల రోజుల్లో మార్చొద్దు. రేసుకు ముందు జరిగే ఎక్స్‌పోలో (అమ్మకాల ప్రదర్శనలో) డిస్కౌంటుకు కొన్న జత పెట్టెలోనే ఉండనివ్వండి, రేసు అయ్యాక తీయొచ్చు.

తీసేసిన జత ఒరగకుండా నిటారుగా ఉంటే నడకకో మొక్కలకు నీళ్లు పట్టడానికో వాడుకోండి. పరుగు షూల అరలో మాత్రం ఉంచొద్దు. తెల్లవారుజామున ఐదింటికి చీకట్లో చేతికి అందేది అదే.