దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లిన ముత్తాత ఊరు కనుక్కోవడం ఎలా?

డీఎన్ఏ టెస్టుతో మొదలుపెట్టకండి. అది దూరపు చుట్టాలను చూపిస్తుందేమో గానీ ఊరు పేరు చెప్పదు. ఊరు కాగితంలో దొరకాలి.

1860 నుంచి 1911 దాకా కూలీ ఒప్పందం మీద మన దేశం నుంచి నాటాల్ వెళ్లినవాళ్లు 1,52,000 మందికి పైనే. మనవాళ్లు మద్రాసులో ఓడ ఎక్కారు. ప్రతి ఒక్కరికీ గుర్తింపు కోసం ఒక కలోనియల్ నంబర్ ఇచ్చారు. డర్బన్‌లో ఉన్న చుట్టాలను అడిగి, తాతల నాటి పెళ్లి పత్రాలు, పుట్టిన పత్రాల మీద ఆ నంబర్ ఉందేమో చూడమనండి. నంబర్ దొరికితే ఓడ జాబితాలో, అంటే ఓడలో వెళ్లినవాళ్ల వివరాలు రాసిన పట్టికలో, మీ ముత్తాత ఉన్న లైను దొరికినట్టే. తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చలతో సహా రాసి ఉంటాయి.

ఇంటిపేరుతో మాత్రం వెతకొద్దు. చాలా కుటుంబాల్లో తండ్రి పేరో, నాయుడు లాంటి కులం పేరో అక్కడ ఇంటిపేరైపోయింది.

ఇక అందరూ బోల్తాపడేది జిల్లా దగ్గరే. గంజాం అని కనిపించగానే ఒడిశాకు టికెట్ కొనేస్తారు. ఆగండి! 1936 వరకు ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం అన్నీ గంజాం జిల్లాలోనే ఉండేవి. నార్త్ ఆర్కాట్ అని ఉంటే వేలూరు పరిగెత్తుతారు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకు ముందు చంద్రగిరి, పలమనేరు నార్త్ ఆర్కాట్‌వే. విజయనగరం జిల్లా 1979లో వచ్చింది, అందుకే జాబితాలో విశాఖపట్నం అనే ఉంటుంది. కాబట్టి ముందు తాలూకా తేల్చుకోండి. ఊరు వెతకడం ఆ తర్వాతే.

ఊరు పేరు గుమాస్తా తన చెవికి వినిపించినట్టు ఇంగ్లిష్‌లో రాసుకున్నాడు. ద, డ తేడా ఉండదు, ల, ళ తేడా ఉండదు. ఆ స్పెల్లింగ్‌ను మ్యాప్‌లో కొట్టి, మొదట వచ్చిన ఊరికి వెళ్లిపోవడం నేను చాలాసార్లు చూశాను. తప్పు ఊళ్లో గుళ్లో పూజలు చేయించుకుని, మట్టి మూటకట్టుకుని వెళ్లిన కుటుంబాలున్నాయి. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పేరును గట్టిగా పదిసార్లు చదవండి, ఆ తాలూకా మనిషితో చదివించండి. అదే పేరుతో రెండు మూడు ఊళ్లు ఉండటం మామూలే. అన్నీ రాసుకోండి, ఒక్కటీ కొట్టేయకండి.

ఊళ్లోకి వెళ్లాక ముందు తండ్రి పేరు చెప్పి అడగండి, కులం తర్వాత. మనవడికి తాత పేరు పెట్టుకునే అలవాటు మనకుంది గనుక, అదే పేరు ఇప్పటికీ ఏ ఇంట్లోనో తిరుగుతూ ఉండొచ్చు.