కాటేజీకి వెళ్తున్నారా? ముందు ఆటుపోట్లు చూసుకోండి

విదేశాల్లో ఫ్రెండ్స్‌తో కలిసి సముద్రం ఒడ్డున కాటేజీ తీసుకునేటప్పుడు పడగ్గదులు, వంటగది ఫొటోలు అందరం చూస్తాం. అక్కడి పోటు వేళలు మాత్రం ఎవరికీ గుర్తురావు. మాకూ రాలేదు. ఫొటోలో మెట్ల దాకా పరుచుకున్న ఇసుక కాస్తా మేం చేరేసరికి నీళ్ల కింద ఉంది!

చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు వస్తాయి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఇవాళ పొద్దున 7 గంటలకు వస్తే రేపు దాదాపు 7:50కి అన్నమాట. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీరు మరీ పైకొస్తుంది, మరీ వెనక్కీ పోతుంది. కొండరాళ్లు చుట్టి పక్క బీచ్‌కి నడవాలనుకుంటే నీరు తీస్తున్నప్పుడే బయల్దేరి, మళ్లీ పెరగకముందే వచ్చెయ్యండి. కబుర్లలో పడితే టైమ్ తెలీదు, ఫోన్‌లో అలారం పెట్టుకోవడం మేలు.

ఇంకో తిరకాసుంది. కొన్ని దేశాల్లో వేసవిలో గడియారం గంట ముందుకు జరుపుతారు, కొన్ని పోటు పట్టికల్లో ఆ గంట కలపరు. పట్టిక ఏ టైమ్‌లో ఉందో పైన చూసుకోండి.

ఈతకు దిగేవాళ్లు లైఫ్‌గార్డు ఉన్న చోటే దిగండి. అల లోపలికి లాగేస్తే ఎదురీదకుండా ఒడ్డుకు సమాంతరంగా ఈదుతూ ఆ లాగుడులోంచి బయటపడి, తర్వాత ఒడ్డు వైపు తిరగాలి.